మెస్ బిల్లులో దాగిన వార్త

1973 డిసెంబరు 20వ తేదీన అహమ్మదాబాదులోని ఎల్.డి. ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు సమ్మెకు దిగారు. వారి ఆగ్రహానికి కారణం వసతిగృహంలో భోజనపు ఖర్చును ఒక్కసారిగా 20 శాతం పెంచడం. ఆ ఏడాది గుజరాత్‌లో తిండిగింజల ధరలూ వేరుశనగ నూనె ధరా సామాన్యుల అందుబాటును దాటిపోయి ఉన్నాయి. విద్యార్థి కంచంలోని కొరత ఊళ్లోని ప్రతి ఇంటి కొరతా కావడంతో ఆ సమ్మె నవనిర్మాణ ఉద్యమంగా రూపుదాల్చింది. 1974 ఫిబ్రవరి 9న ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేశారు. మార్చిలో శాసనసభ రద్దయింది. ఈలోగా దాదాపు వందమంది ప్రాణాలు కోల్పోయారు.

ఒక మెస్ బిల్లు ఇంతదూరం వెళ్తుందని ముందుగా ఊహించడం కష్టమే. కానీ బిల్లు వెనుకనున్న అంగడి ధరలు రహస్యాలేమీ కావు. బజారుకు వెళ్లి అడిగి, లెక్క కట్టి రాయగలవారికి అవి వార్తాంశాలే.

దేశంలోని కళాశాలల్లో చేతివ్రాత గోడపత్రికలు మొదలుకొని, జర్నలిజం విద్యార్థులు వెలువరించే ప్రయోగ పత్రికల వరకు, వాటిని నడిపే యువకులను ఒకే సందేహం వేధిస్తూ ఉంటుంది: ‘ఇక్కడ రాయడానికి వార్తలేమున్నాయి?’ వార్షికోత్సవం, ముఖ్య అతిథి ప్రసంగం, ఆటల పోటీల్లో బహుమతులు – ఇవి అయిపోగానే పుటలు ఖాళీగా మిగిలిపోతాయి. గ్రామీణ పేదరికంపై 1996లో వెలువడిన గ్రంథంలో పి. సాయినాథ్ ఎత్తిచూపిన లోపం ఇటువంటిదే. పత్రికలు ఏదో ఒకనాడు జరిగే సంఘటనను పట్టుకుంటాయే తప్ప, ఏళ్ల తరబడి నిదానంగా సాగే ప్రక్రియను గమనించవు. కళాశాల జీవితంలో భోజనం, బస్సు, పుస్తకం, గది, రుసుము ఇటువంటి ప్రక్రియలు. రోజూ జరుగుతాయి గనుకనే అవి వార్తలుగా తోచవు.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఒక చిన్న జిరాక్స్ దుకాణం ఉండేది. అధ్యాపకులు సూచించిన గ్రంథాలలోని అధ్యాయాలను ప్రతులు తీయించి, బొత్తిగా కట్టించి, విద్యార్థులు అక్కడ కొనుక్కునేవారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ దుకాణం మీదా విశ్వవిద్యాలయం మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టివేసింది. బోధన కోసం ప్రతులు తీసుకోవడానికి కాపీరైటు చట్టంలో అవకాశం ఉన్నదని తీర్పు చెప్పింది. దేశమంతటా చర్చకు వచ్చిన ఆ వ్యాజ్యం వెనుక ఏ కళాశాలలోనైనా అడగదగిన ప్రశ్నలు మూడున్నాయి: తరగతిలో విద్యార్థులెందరు? గ్రంథాలయంలో ఆ పుస్తకం ప్రతులెన్ని? కొనవలసివస్తే దాని వెల ఎంత? ఈ మూడు అంకెలను పక్కపక్కన ఉంచితే జిరాక్స్ దుకాణం ముందు నిలబడిన వరుసకు అర్థం తెలుస్తుంది.

ఫిర్యాదు వార్తగా మారేది ఇటువంటి ప్రశ్నల వల్లనే. ‘ఈ నెల మెస్ బిల్లు పెరిగింది’ అన్నది ఫిర్యాదు. చాలా వసతిగృహాలలో నెల మొత్తం ఖర్చును విద్యార్థుల భోజన దినాలతో భాగించి తలా ఇంత అని నిర్ణయిస్తారు. కాబట్టి బిల్లు పెరగడానికి కారణాలు పలు విధాలు. బియ్యం, పప్పు, నూనె ధరలు పెరిగి ఉండవచ్చు. సెలవులకు పలువురు ఊళ్లకు వెళ్లగా, వంటవారి జీతాలు, గ్యాసు ఖర్చు మిగిలిన కొద్దిమందిపై పడి ఉండవచ్చు. వృథా ఎక్కువై ఉండవచ్చు. లెక్కల్లో పొరపాటో, అంతకంటె చెడ్డదో జరిగి ఉండవచ్చు. ఇవి వేర్వేరు వార్తలు. సరుకుల రిజిస్టరు, హాజరు పట్టీ, బజారు ధరలు చూడకుండా వీటిలో ఒకదానిని ఎంచుకొని నింద మోపడం పాత్రికేయం కాదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో లెక్కలు చూపడానికి నిరాకరించినప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆధారంగా నిలుస్తుంది. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వచ్చిన తరువాత ఆ అంకెలను వార్డెనుకు చూపి, ఆయన వివరణ కోరి, దానినీ ప్రచురించడం ధర్మం. మెస్ బకాయిలు వసూలుకాక, అప్పు ఇచ్చిన దుకాణదారుకు సమాధానం చెప్పుకోలేక సతమతమయ్యే వార్డెను కూడా ఆ కథలో ఒక పాత్రే కావచ్చు.

అంకెల తరువాత మనిషిని వెదకాలి. తెలుగు రాష్ట్రాలలో రుసుముల రీయింబర్సుమెంటు సొమ్ము ఆలస్యమైనప్పుడెల్లా ఆ భారం మొదట తాకేది పేద విద్యార్థినే. ఊరికి వెళ్లకుండానే సెలవు చీటీ ఇచ్చి, మెస్ మానుకొని, గదిలో అటుకులతో పొద్దుపుచ్చే కుర్రవాడు ఒకడున్నాడనుకుందాం. బిల్లులో వాని పేరు కనిపించదు. రోజులు తగ్గినట్లు మాత్రమే కనిపిస్తుంది. పరీక్షల ముందు, ఎవరూ ఊళ్లకు పోని రోజుల్లో, సెలవు చీటీలు ఎన్ని వచ్చాయో లెక్కించిన విలేఖరికే వాడు కనబడతాడు. అయితే వాని పేరు రాయకపోతే చాలదు. ‘రసాయనశాస్త్రం రెండవ సంవత్సరం, ఫలానా జిల్లా’ అన్నా కళాశాలలో అందరూ పోల్చుకుంటారు. ఆకలికి తోడు అవమానాన్ని కూడా మోయించే హక్కు ఏ పత్రికకూ లేదు. అతడు ఒప్పుకున్నంత మేరకే రాయాలి. ఒప్పుకోకపోతే సెలవు చీటీల అంకె ఒక్కటే చాలు.

2015లో ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా తన విద్యార్థినులు రాత్రివేళ ఆలస్యంగా వచ్చేందుకు ఇస్తున్న అనుమతిని రద్దు చేస్తూ నోటీసు పెట్టింది. ఏళ్లుగా అమ్మాయిల వసతిగృహాల తలుపులు పెందలాడే మూతపడుతూనే ఉన్నా, ఆ నోటీసు తరువాతనే ‘పింజ్రా తోడ్’ అనే ఉద్యమం తలెత్తి పలు కళాశాలలకు వ్యాపించింది. అబ్బాయిల వసతిగృహం ఎన్నింటికి మూస్తారు, అమ్మాయిలది ఎన్నింటికి, గ్రంథాలయం ఎంతవరకు తెరచి ఉంటుంది అనే మూడు వేళలను ఏ గోడపత్రిక అయినా ఒక చిన్న పట్టికగా అచ్చువేయవచ్చు. దానికి వ్యాఖ్యానం కూడా అక్కరలేదు.

గోడపత్రికలో వచ్చిన కథ వల్ల వచ్చే నెల బిల్లు తగ్గకపోవచ్చు. కానీ సెలవు చీటీ రాసి గదిలో కూర్చున్న కుర్రవాడు మరునాడు నోటీసు బోర్డు దగ్గర ఆగి, తనలాంటివారు ఆ నెలలో మరెందరో ఉన్నారని చదువుకుంటాడు. వార్డెను కూడా అదే చదువుతాడు. అహమ్మదాబాదులో జరిగినట్లు వీధికెక్కకముందే ఆ ఇద్దరూ ఒకే అంకె చూసి మాట్లాడుకోగలిగితే, ఆ వారం పత్రిక తన పని చేసినట్లే.