అట్ట కనిపించని నవల

దసరా సెలవులకు వచ్చిన మా మేనకోడలు, వెళ్తూ వెళ్తూ ఇంటిల్లిపాదికీ ఒక పని అప్పగించి పోయింది. పదిహేను రోజులపాటు రోజుకో ఫోటో తీసి పంపాలి. ఫోటో మనం చదివిన నవలను గురించి వుండాలి. దాని కింద రెండు వాక్యాలకు మించి రాయకూడదు. మొదటి రోజు, మనం మొట్టమొదట చదివిన నవల. రెండో రోజు, మూడుసార్లకు మించి చదివినది. ఆరో రోజు, అన్నిటికంటే ఇష్టమైనది. పన్నెండో రోజు, సగంలో ఆగిపోయినది. ఇలా ఒక జాబితా రాసి అందరి ఫోన్లకూ పంపింది. దాన్ని ఆ పిల్ల ‘ఛాలెంజ్’ అంటుంది. మా బాబాయి ‘పందెం’ అంటాడు.

రెండు వాక్యాల్లో ముగించమనడం తెలుగు లెక్చరరుకు ఎంత శిక్షో మీరే ఊహించుకోండి. అక్కడ పట్టనిదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

మొదటి రోజు నాకు తడుముకునే పని లేకపోయింది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టరు పార్వతీశం’. 1924లో మొదటి భాగం వచ్చిన ఆ పుస్తకాన్ని నేను ఏడో తరగతి వేసవి సెలవుల్లో చదివాను. మొగల్తూరునుంచి బారిస్టరు చదువుకు సీమకు బయలుదేరిన పార్వతీశాన్ని చూసి పడిపడి నవ్వాను. అయితే ఫోటో తీయబోయేసరికి చిక్కు వచ్చింది. నా దగ్గర వున్న ప్రతి ఈమధ్య కొన్నది. తళతళలాడే అట్ట. నేను చదివిన పుస్తకానికి అట్టే లేదు; మా నాన్న పాత కాలెండరు కాగితం తొడిగారు. ఆ పుస్తకం ఏమయిందో ఎవరికీ తెలియదు. చివరికి గోడకున్న కాలెండరులో ఒక నెల చింపి, కొత్త పుస్తకానికి తొడిగి ఫోటో తీశాను. అప్పుడు గాని అది నా పార్వతీశంలా కనిపించలేదు.

రెండో రోజు కొడవటిగంటి కుటుంబరావుగారి ‘చదువు’. మా తెనాలివాడని పక్షపాతం అనుకోకండి. సుందరం అనే కుర్రవాడు అక్షరాభ్యాసంనుంచి పెద్దవాడయ్యేదాకా ఏమేం చదివాడు, ఆ చదువులో ఏది అతనికి అక్కరకు వచ్చింది అన్నదే ఆ నవల. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని. ఏడాదికొకసారి ఆ పుస్తకం తీసి చదవకపోతే నాకు తోచదు. ఫోటోలో మా కాలేజీ నల్లబల్ల పెట్టాను. తుడిచిన తరువాత కూడా లీలగా కనిపిస్తుందే సుద్దముక్క గీత, అదీ.

ఈలోగా బంధువుల ఫోటోలు వచ్చి పడుతున్నాయి. మా బావగారు ‘వేయిపడగలు’ను తెల్లని దుప్పటి మీద పెట్టి, పక్కన కళ్ళజోడు, మల్లెపూలు అమర్చి మరీ తీశారు. విశ్వనాథవారు అంత పెద్ద నవలనూ 29 రోజుల్లో పూర్తిచేశారని చెబుతారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో కలిసి పంచుకున్నది. మా బావగారు దాన్ని 29 సంవత్సరాలుగా చదువుతున్నారు. మా అక్క లెక్క ప్రకారం ఇంకా నాలుగో అధ్యాయం.

మేనకోడలు తన వంతుకు ఒక ఇనుప మంచం ఫోటో పంపింది. వంకర తిరిగిన కోళ్ళు, మడత పెట్టని దుప్పటి, మంచం కింద బకెట్టు. నవీన్‌గారి ‘అంపశయ్య’! ఉస్మానియాలో చదువుకునే రవి అనే కుర్రవాడికి ఒక్క రోజులో, తెల్లవారింది మొదలు, మనసులో తిరిగిన ఆలోచనలన్నీ కలిపి నవల. 1969లో వచ్చింది. దాని పేరే తరువాత రచయితకు ఇంటిపేరయి కూర్చుంది. “అత్తా, మా హాస్టల్లో కూడా రవులున్నారు. మెస్సు బిల్లు కట్టాలి, అమ్మాయిల ముందు బెదురు, ఊళ్ళో నాన్న,” అని ఫోన్లో చెప్పింది. ఆ పిల్ల పుట్టకముందే ఎన్నో ఏళ్ళనాడు వచ్చిన పుస్తకం. పాఠం చెప్పి వుంటే నేను చైతన్య స్రవంతి శిల్పమని మొదలుపెట్టి పిల్లల్ని నిద్రపుచ్చేదాన్ని. ఆ వంకర కోళ్ళ మంచం పని సుళువుగా చేసింది.

‘అల్పజీవి’కి ఏం ఫోటో తీయాలో నాకు రెండు రోజులు తోచలేదు. రావిశాస్త్రిగారి సుబ్బయ్య విశాఖపట్నంలో ఒక గుమాస్తా. భయం అతనికి చొక్కా లాంటిది, విప్పితే చలేస్తుంది. చివరకు ఒక ఆఫీసులో వరండా మూల గోడకు ఆనించిన కుర్చీని తీశాను. ఎవరూ కూర్చోమని అనని కుర్చీ. నా స్నేహితురాలొకామె చూసి, “ఇది మా ఆయన ఆఫీసులా వుందే” అన్నది. ఆ మాటకు నవ్వాలో మానాలో తెలియలేదు.

ఇంతవరకూ అందరికీ సరదాగానే వుంది. ఒక్క మా పిన్నిమాత్రం అయిదు రోజులూ ఏమీ పంపలేదు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. 75 ఏళ్ళు. బాబాయి హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయన ఫోటోలు మాత్రం రోజూ ఠంచనుగా ఉదయం ఆరింటికే వచ్చేవి. ‘రాజశేఖర చరిత్రము’, ‘మాలపల్లి’, ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’. అన్నీ బల్లమీద నిటారుగా నిలబెట్టి, స్కూల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టినట్టు. ‘మాలపల్లి’ కింద రెండు వాక్యాల హద్దు దాటి, ఉన్నవవారు దాన్ని జైల్లో రాయడం, మద్రాసు ప్రభుత్వం నిషేధించడం కూడా రాశాడు. హెడ్మాస్టరును ఎవరు అడుగుతారు?

నేనే పిన్నికి ఫోను చేశాను. “నువ్వు పంపవేం పిన్నీ?”

“నా దగ్గర పుస్తకమేదే ఫోటో తీయడానికి?” అన్నది.

నిజమే, లేదు. మా చిన్నతనంలో నవలల కథలు మాకు చెప్పినదల్లా పిన్నే. పప్పు రుబ్బుతూ ఒక నవల, జడలు వేస్తూ ఒక నవల. వారపత్రికలో సీరియలు ముగియగానే కాగితాలన్నీ విప్పి, వరస పేర్చి, గోనెసంచి కుట్టే దబ్బనంతో కుట్టి, పాత శుభలేఖల అట్టలు వేసి పుస్తకం చేసేది. బొమ్మలతో సహా! అటువంటివి ఇరవై దాకా వుండేవట. మిగిలినవి అద్దె లైబ్రరీనుంచి. రోజుకింతని అద్దె ఇచ్చి తెచ్చుకోవడం, రెండో రోజు పడకుండా రాత్రికి రాత్రి ముగించడం. అద్దె లైబ్రరీ అనేది ఈనాటి పిల్లలకు తెలియదు గాని, 1960ల్లో, 70ల్లో మన ఊళ్ళలో ఆడవాళ్ళకు అందిన విశ్వవిద్యాలయం అదేనంటే నేను ఒప్పుకుంటాను.

ఆరో రోజు, అంటే అన్నిటికంటే ఇష్టమైన నవల రోజున, పిన్ని ఫోటో వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు. వంటింటి మూల రేకు బియ్యం డ్రమ్ము. మూతమీద ఒక చాట. అంతే. కింద రెండు మాటలు: “సెక్రటరీ. ఇక్కడే.”

ఎవరికీ అర్థం కాలేదు. బావగారు ‘ఫోటో పొరపాటున వచ్చినట్టుంది’ అన్నారు. నేను మళ్ళీ ఫోను చేశాను.

పిన్ని ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయి, టైపు లోయరు కూడా ప్యాసయింది. హయ్యరుకు కట్టబోతుంటే సంబంధం కుదిరింది. 1969లో పెళ్ళి. అత్తగారికి నవలలంటే పడదు. కాపురాలు చెడిపోతాయని ఆవిడ నమ్మకం. అందుకని పిన్ని పొయ్యిదగ్గర నిలబడి, బియ్యం డ్రమ్ము మూతమీద పుస్తకం తెరిచి పెట్టుకుని చదివేది. వసారాలో అడుగుల చప్పుడు వినపడితే దానిమీద చాట బోర్లించేది. చాటలో నాలుగు బియ్యపు గింజలు ఎప్పుడూ వుంచేదట, రాళ్ళు ఏరుతున్నట్టు కనిపించడానికి. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ని అలా నిలబడే నాలుగుసార్లు చదివింది.

“జయంతి ఉద్యోగానికి వెళ్ళే పేజీలు మాత్రం ఇంకా ఎక్కువసార్లు చదివానే,” అన్నది పిన్ని. “రాజశేఖరం సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ పిల్ల పొద్దున్నే తయారై, బ్యాగు తగిలించుకుని బయటికి పోవడం చాలు. నాకు టైపు వచ్చు కదా.”

ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఆ నవలలను గురించి మా విశ్వవిద్యాలయాల్లో ఏమంటారో నాకు తెలుసు. ఆరడుగుల అందగాడు, కారు, మేడ, అపార్థాలు, చివరకు పెళ్ళి. కాదనను. చాలా నవలల్లో ఆ కారు మరీ పొడుగ్గానే వుంటుంది. కానీ కోడూరి కౌసల్యాదేవి, ద్వివేదుల విశాలాక్షి, మాలతీ చందూర్, రంగనాయకమ్మ, యద్దనపూడి - వీరందరినీ ఒకే గాటికి కట్టి, ‘వంటింటి సాహిత్యం’ అని రెండు పేరాల్లో తేల్చేసే సాహిత్య చరిత్రలను నేను మొదటినుంచీ ఒప్పుకోలేదు. ‘బలిపీఠం’ రాసిన చేయికీ ‘సెక్రటరీ’ రాసిన చేయికీ పోలికే లేదు. ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కింది. ‘జీవన తరంగాలు’, ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో సినిమాలయ్యాయి. ఆడపేరు పెట్టుకుంటే గాని పత్రికల్లో చోటు దొరకదని మగవాళ్ళు ఆడపేర్లతో రాసిన కాలం అది. అన్ని లక్షలమంది అట్ట చిరిగేదాకా చదివారంటే, ఏ పేజీ దగ్గర ఆగారు, ఏ పేజీ మళ్ళీ చదివారు అని వాళ్ళను ఒకసారైనా అడగాలా, వద్దా? కథానాయకుడి కారును మనం చూస్తున్నాం. పిన్ని జయంతి చేతిలో బ్యాగు చూసింది.

మరి పిన్ని కుట్టుకున్న పుస్తకాలేమయ్యాయి? బాబాయికి తొమ్మిది బదిలీలు. బదిలీ అయినప్పుడల్లా సామాను తగ్గించాలి. పాత కాగితాలవాడు వచ్చేవాడు. సీరియలు కాగితాలేగా అని తూకానికి వేసేవారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పిన్నే దగ్గరుండి తూకం చూసి, డబ్బులు లెక్కపెట్టుకునేది.

ఏడో రోజు ఉదయం ఆరింటికి బాబాయి ఫోటో రాలేదు. మర్నాడూ రాలేదు. తొమ్మిదో రోజు వచ్చింది. అందులో నవల లేదు. అటకమీదనుంచి దింపిన ఆయన పుస్తకాల పెట్టె. పెద్ద టేకు పెట్టె, తొమ్మిది ఊళ్ళూ లారీలో తిరిగినది. మూత తెరిచి వుంది. కింద ఒక్కటే వాక్యం: “ఇందులో ఆమె పుస్తకం ఒక్కటీ లేదు.”

మా వాళ్ళలో ఎవరూ ఆ రోజు ఇంకేమీ రాయలేదు. సాయంత్రం పిన్నే రాసింది: “ఆ పెట్టెలో నా పట్టుచీరలకే చోటు దొరకలేదు.” అప్పుడందరూ నవ్వారు. బాబాయి నవ్వాడో లేదో ఫోన్లో కనపడదు కదా. కానీ మరునాడు నాకు విడిగా ఫోను చేసి, ‘సెక్రటరీ’ ఎక్కడ దొరుకుతుంది, అచ్చు కాస్త పెద్దదిగా వున్నది వుందా అని అడిగాడు. విజయవాడలో దొరికింది. కొరియరులో పంపాను. అచ్చు చిన్నదేనని పిన్ని ఫిర్యాదు. బాబాయి పైకి చదివి వినిపిస్తున్నాడట, స్కూల్లో పాఠం చదివినట్టు, కామా దగ్గర కూడా ఆగుతూ. “రాజశేఖరం మాటలు కూడా ప్రార్థనలాగా చదువుతారే, చంపుకు తింటున్నారు,” అంటుంది పిన్ని. మానమని మాత్రం అనలేదు.

యద్దనపూడివారు 2018లో, అమెరికాలో కూతురు దగ్గర వుండగా పోయారు. ఈ చదువు ఆవిడ వింటే ఏమనేవారో!

ఇంక పన్నెండో రోజు సంగతి. సగంలో ఆగిపోయిన నవల. ఆ పూట పిన్ని ఫోటోకు బదులు నాకు ఫోను చేసి ఒక కథ చెప్పింది. పేరు జ్ఞాపకం లేదు. రచయిత్రి పేరూ లేదు. 1971 గాని 72 గాని. వారపత్రికలో సీరియలు. వానలో ఒక చిన్న స్టేషనులో ఒక అమ్మాయి రేకు పెట్టెతో రైలు దిగుతుంది. ప్లాట్‌ఫారం మీద లాంతరు పట్టుకున్న ముసలి పోర్టరు తప్ప ఎవరూ లేరు. రావలసిన మనిషి రాలేదు. తిరుగు బండి తెల్లవారుజామున గాని లేదు. పోర్టరు ఆమెను తన ఇంటికి రమ్మంటాడు. అక్కడ ‘సశేషం’. ఆ వారం పిన్నికి పెద్దవాడు పుట్టాడు. పురిటికి వచ్చిన పుట్టింట్లో ఆ పత్రిక తెప్పించరు. మూడు నెలల తరువాత తిరిగి వెళ్ళేసరికి సీరియలు ముగిసిపోయింది.

“ఆ పిల్ల పోర్టరు ఇంటికి వెళ్ళిందా, స్టేషన్లోనే కూర్చుందా? ఎం.ఏ. చదివావుగా, కనుక్కో,” అన్నది.

మా కాలేజీ లైబ్రరీలో వెతికాను. నాకు తెలిసిన పెద్దలను అడిగాను. రైలు, వాన, రేకు పెట్టె చాలా నవలల్లో వున్నాయి. లాంతరు పట్టుకున్న పోర్టరు మాత్రం నాకు దొరకలేదు. మీ ఇంట్లో అమ్మగారికో, అత్తగారికో, బామ్మగారికో ఈ కథ జ్ఞాపకం వుంటే, లేక దబ్బనంతో కుట్టిన కాగితాల కట్ట ఏ అటకమీదయినా మిగిలి వుంటే, ఒక కార్డుముక్క రాయండి. పత్రిక చిరునామాకు రాస్తే నాకు అందుతుంది. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఆ రాత్రి ఆ పిల్ల ఎక్కడ తలదాచుకుందో అది రాస్తే చాలు.