కారు రేడియో గరగరలాడుతుంటే



పాత కారో, జీపో కొనుక్కున్న కుటుంబాలలో తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఇంట్లో చిన్న ట్రాన్సిస్టరు చక్కగా పలుకుతుంది గాని, కారులో ఇంత పెద్ద సెట్టు ఉండి కూడా గరగర తప్ప మాట వినబడదు." ఇది వినగానే ఎవరో ఒకరు "సెట్టు పోయింది, కొత్తది వేయించు" అని సలహా ఇస్తారు. కష్టార్జితం కొంత అలా ఖర్చయిపోతుంది. కొత్త సెట్టు వచ్చాక కూడా గరగర అలాగే ఉంటుంది. ఎందుకనగా చాలాసార్లు లోపం సెట్టులో ఉండదు. ఏరియల్‌లోనో, దాని ఎర్తులోనో ఉంటుంది.

ఇది పాటలు వినడానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు కూలిపోయాయి, సెల్‌ఫోనులు మూగబోయాయి. అటువంటి దినాలలో బ్యాటరీ మీద నడిచే రేడియో ఒక్కటే ఇంటికి కబురు తెచ్చే సాధనం కావచ్చు. కారు బ్యాటరీ మన వాకిట్లోనే ఉంటుంది. కాబట్టి తుపానుల కాలం రాకముందే ఈ పరీక్షలు వరుసగా చేసి చూడండి. వరుస తప్పితే డబ్బు వృథా అవుతుంది.

మొదటిది: లోపం కారుదా, చోటుదా?

ఎఫ్.ఎమ్. తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి. మధ్యలో కొండ అడ్డువస్తే ఆగిపోతాయి. అరకు ఘాటు రోడ్డులోనో, నల్లమల అడవిలోనో ఎఫ్.ఎమ్. తెగిపోతే కారును నిందించవలసిన పని లేదు. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకొని చాలా దూరం పోతాయి. అయితే రాత్రివేళ దూరదేశపు స్టేషన్లు కూడా ఆకాశపు పైపొరను తాకి తిరిగివచ్చి మన స్టేషనుతో కలిసిపోతాయి. కనుక పరీక్ష పగటిపూట చేయండి. కరెంటు తీగల కింద, ఇనుప వంతెన మీద చేయవద్దు.

ఖాళీ స్థలంలో కారు ఆపి, ఒక ట్రాన్సిస్టరును కారు బయట పట్టుకొని అదే స్టేషను పెట్టి చూడండి. కారు లోపల పెట్టవద్దు. ఇనుప బాడీ తరంగాలను అడ్డగిస్తుంది. కారు ఏరియల్‌ను బయట అమర్చేది అందుకే. బయట ట్రాన్సిస్టరు కూడా గరగరలాడితే ఆ చోట సిగ్నలు తక్కువని అర్థం. అది చక్కగా పలికి, కారు రేడియో పలకకపోతే లోపం కారులో ఉంది.

రెండవది: ఇంజను ఆపి వినండి

తాళం రేడియో పనిచేసే వరకే తిప్పి, ఇంజను ఆపి వినండి. శబ్దం పోతే, అది ఇంజను నుండి వస్తున్నదన్నమాట. ఎక్సిలేటరు తొక్కే కొద్దీ ఈల వలె సన్నగా పైకి లేచే శబ్దం సాధారణంగా బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరుది. ఇంజను వేగంతో పాటు టిక్ టిక్ అని కొట్టుకునే శబ్దం పెట్రోలు బండ్లలో స్పార్కు ప్లగ్గులదీ, వాటి వైర్లదీ. డీజిలు బండిలో స్పార్కు ప్లగ్గులు ఉండవు కనుక ఆ అనుమానం అక్కరలేదు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లను చేతితో తాకవద్దు. వాటిలో వేల వోల్టులు ఉంటాయి. ఆ పని మెకానిక్కుకు వదిలిపెట్టండి.

ఈ రోజుల్లో మరొక దొంగ ఉన్నాడు. సిగరెట్ లైటరు రంధ్రంలో పెట్టే చవకరకం ఫోను చార్జరు, అద్దం దగ్గర పెట్టే కెమెరా, తరువాత వేయించిన ఎల్.ఇ.డి. లైట్లు రేడియోలో బుసబుసలు పుట్టిస్తాయి. ఒక్కొక్కటే పీకి, లేదా ఆర్పి చూడండి. చార్జరు తీయగానే స్టేషను తేటగా పలికితే మీ పని పైసా ఖర్చు లేకుండా పూర్తయినట్టే.

మూడవది: ఏరియల్

ఇంజను ఆపినా గరగర పోకపోతే ఏరియల్ దగ్గరకు రండి. లాగే రకమైతే పూర్తిగా బయటికి లాగండి. ఎఫ్.ఎమ్. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అంటే 75 సెంటీమీటర్లు, దాదాపు రెండున్నర అడుగుల కడ్డీ దానికి సరిపడే కొలత. సగం విరిగిన కడ్డీతో సెట్టు ఏమి చేయగలదు?

ఇప్పుడు సులువైన పరీక్ష ఒకటి చేయండి. సెట్టు వెనుక నుండి ఏరియల్ పిన్ను పీకి, రెండున్నర అడుగుల మామూలు వైరు కొసను ఒలిచి, సెట్టు రంధ్రంలో సరిగ్గా మధ్యకు దూర్చండి. చుట్టూ ఉన్న లోహానికి తగలకూడదు. రెండవ కొసను కిటికీ బయట వేలాడదీయండి. ఇప్పుడు ఎఫ్.ఎమ్. బాగా పలికితే సెట్టు మంచిదే. ఏరియల్ గాని కేబులు గాని చెడింది.

మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ మీ ఊరిలో ఉంటే, ఇంకా పీకి ఉన్న పిన్ను మీద ఈ మూడూ చూడమనండి. పిన్ను మధ్య మొనకూ, కడ్డీ కొసకూ మధ్య కనెక్షను ఉండాలి. మధ్య మొనకూ, పిన్ను బయటి గొట్టానికీ మధ్య కనెక్షను ఉండకూడదు. బయటి గొట్టానికీ, కారు బాడీకీ మధ్య కనెక్షను ఉండాలి. ఈ పరీక్ష మామూలు కడ్డీ ఏరియల్‌కు మాత్రమే. లోపల ఆంప్లిఫయరు ఉన్న రకానికి ఇది వర్తించదు.

ఎక్కువగా తప్పేది ఆ మూడవదే. ఏరియల్ అడుగున ఉన్న వాషరు కారు రేకును గట్టిగా పట్టుకొని ఉండాలి. వానకు తుప్పు పట్టినా, రంగు వేసినప్పుడు పెయింటు కిందకు పోయినా ఆ పట్టు పోతుంది. పానాతో నట్టు విప్పి, వాషరు కూర్చునే చోట లోపలి వైపు తుప్పును గరుకు కాగితంతో మెరిసే వరకు రుద్ది, మళ్లీ గట్టిగా బిగించండి. తరువాత పైనుండి నీరు దిగకుండా రబ్బరు సరిగా కూర్చోబెట్టండి. కేబులులోకి నీరు చేరి ఉంటే దానిని ఆరబెట్టి ప్రయోజనం లేదు, మార్చవలసిందే.

పైకప్పు మీద పొట్టి ఏరియల్, లేక వెనుక అద్దంలో గీతల ఏరియల్ ఉన్న కార్లలో సాధారణంగా చిన్న ఆంప్లిఫయరు ఉంటుంది. దానికి 12 వోల్టులు అందాలి. బయట కొన్న సెట్టు బిగించినప్పుడు చాలాచోట్ల ఆ వైరును కలపకుండా వదిలేస్తారు. సెట్టు నుండి వచ్చే నీలిరంగు వైరు సాధారణంగా ఇందుకోసమే. అద్దంలో ఏరియల్ ఉన్న కారుకు లోహపు పూత గల సన్‌ఫిలిం అంటించినా సిగ్నలు తగ్గిపోతుంది.

నాలుగవది: సెట్టు ఏ దేశానిది?

ఇవన్నీ సరిగా ఉండి కూడా స్టేషన్లు దొరకకపోతే సెట్టు పుట్టిల్లు చూడండి. జపాను దేశం కోసం చేసిన పాత సెట్లలో ఎఫ్.ఎమ్. 76 నుండి 90 వరకే ఉంటుంది. మన స్టేషన్లలో ఎక్కువ భాగం దానికి పైన, 108 లోపు ఉన్నాయి. అమెరికా సెట్లలో మీడియం వేవ్ 10 చొప్పున జరుగుతుంది. మన దేశంలో 9 చొప్పున జరగాలి. మనం ఏళ్ల తరబడి విన్న హైదరాబాదు 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, ఈ అంకెలన్నీ 9తో భాగింపబడతాయి. 10 చొప్పున గెంతే సెట్టు 830 నుండి 840కి దూకుతుంది గాని 837 మీద ఆగదు. చాలా సెట్లలో దేశం మార్చే ఏర్పాటు ఉంటుంది. సెట్టుతో వచ్చిన పుస్తకం చూసి మార్చుకోవచ్చు.

ఈ నాలుగు మెట్లూ దాటిన తరువాతనే సెట్టు విప్పించండి, లేదా కొత్తది కొనండి. దుకాణదారుడు ముందుగా సెట్టు మార్చమంటే, "అయ్యా, ముందు వైరు ముక్కతో పరీక్ష చేసి చూపించండి" అని మర్యాదగా అడగండి. అందులో తప్పేమీ లేదు.

చివరిగా ఒక జాగ్రత్త. తుపాను రోజుల్లో కారు రేడియోను ఎడతెగక పెట్టి ఉంచవద్దు. వార్తల వేళకు పెట్టి, విని, ఆపివేయండి. బ్యాటరీ దిగిపోతే కబురు విన్నా బండి కదలదు. మీకు దగ్గరి స్టేషను ఏ అంకె మీద ఇప్పుడు పలుకుతున్నదో ఒక మంచి రోజున వెదకి, చీటీ మీద వ్రాసి డాష్‌బోర్డులో ఉంచండి. గాలివాన మొదలైన తరువాత చీకటిలో వెదకడం కష్టం.