లోన్ మీద పోయినోళ్లు తిరిగొస్తారు

లోన్ అనగానే మన సీమలో ముందు గుర్తొచ్చేది బ్యాంకులో తాకట్టు పెట్టిన బంగారం. తర్వాత పంట రుణం. మన వయసు వాళ్లకైతే ఫోన్‌లో రెండు నిమిషాల్లో డబ్బులేసి, ఆ తర్వాత నెలల తరబడి నిద్రపోనివ్వని యాప్. ఫుట్‌బాల్‌లో మాత్రం మనుషుల్నే లోన్‌కిస్తారు. ఇచ్చేది ఒక క్లబ్బు, తీసుకునేది ఇంకో క్లబ్బు. పెట్టే బేడా సర్దుకుని వెళ్లేది ఏ పంతొమ్మిదేళ్ల కుర్రాడో.

వినడానికి అదోలా ఉన్నా లెక్క సింపుల్. పెద్ద క్లబ్బులో పాతికమంది ఆటగాళ్లుంటారు. మైదానంలోకి దిగేది 11 మంది. కుర్రాడికి టాలెంట్ ఉంది, కానీ అతని స్థానంలో ఆల్రెడీ ఒక స్టార్ ఆడుతున్నాడు. కుర్రాణ్ని బెంచీ మీద కూర్చోబెడితే ఆట తుప్పు పడుతుంది. అమ్మేస్తే, రేపు వాడు స్టార్ అయ్యాక తల పట్టుకోవాలి. అందుకని కొన్నాళ్లు వేరే క్లబ్బుకిస్తారు. అసలు కాంట్రాక్టు ఇక్కడే ఉంటుంది, ఆట అక్కడ ఆడతాడు. గడువు అయ్యాక తిరిగొస్తాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బెంచ్ అనే మాట మాకూ ఉంది, క్లయింట్ దగ్గరికి డెప్యుటేషన్ మీద పంపడమూ ఉంది.

ఇరాన్ కుర్రాడు అల్లాహ్‌యార్ సయ్యద్‌మనేష్ సంగతి చూడండి. 2001లో ఆమోల్ అనే ఊళ్లో పుట్టాడు. టెహ్రాన్‌లోని ఎస్తెఘ్లాల్ క్లబ్బుకు ఆడి, 2019లో, 18 ఏళ్ల వయసులో, టర్కీలోని పెద్ద క్లబ్బు ఫెనర్‌బాచెకు వెళ్లాడు. అక్కడ తుది జట్టులో చోటు అంత తేలిగ్గా దొరకలేదు. 2020లో ఇస్తాంబుల్‌స్పోర్‌కు లోన్. అదే ఏడాది ఉక్రెయిన్‌లోని జోర్యా లుహాన్స్క్‌కు ఇంకో లోన్. 2022 జనవరిలో ఇంగ్లండ్‌లోని హల్ సిటీకి మళ్లీ లోన్. ఆట నచ్చి, ఆ వేసవిలోనే హల్ వాళ్లు పూర్తిగా కొనేసుకున్నారు. మూడేళ్లలో నాలుగు దేశాలు, నాలుగు భాషలు.

మధ్యలో ఆడిన జోర్యా కథ ఇంకా విచిత్రం. పేరుకు లుహాన్స్క్ క్లబ్బు. కానీ 2014 నుంచి అక్కడి గొడవల వల్ల సొంత ఊళ్లో ఆడే వీల్లేక, జపోరిజియాలో ఆడుతూ వచ్చింది. అంటే లోన్ మీద వెళ్లిన కుర్రాడికే కాదు, లోన్‌కు తీసుకున్న క్లబ్బుకు కూడా అక్కడ సొంతిల్లు లేదు. అతను ఇంగ్లండ్ వెళ్లిన కొద్ది వారాలకే, 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడికి దిగింది.

ఈ లోన్లకు ఫిఫా రూల్స్ ఉన్నాయి. 2022 జులై నుంచి వాటిని బిగించారు. ఒక్క లోన్ ఏడాదికి మించకూడదు. లోన్‌కు తీసుకున్న క్లబ్బు ఆ ఆటగాణ్ని ఇంకో క్లబ్బుకు లోన్‌కివ్వకూడదు. 2024 జులై నుంచి ఒక క్లబ్బు విదేశాలకు ఆరుగురికి మించి ఇవ్వకూడదు, ఆరుగురికి మించి తెచ్చుకోకూడదు. 21 ఏళ్ల లోపు ఉండి, సొంత క్లబ్బులోనే తయారైన కుర్రాళ్లకు ఈ లెక్కలో మినహాయింపు ఉంది. పెద్ద క్లబ్బులు కుర్రాళ్లను గోడౌన్లో సరుకులాగా కుప్పేసుకుని తలా ఒక దిక్కుకు పంపుతుంటే పెట్టిన కట్టడి ఇది. ఆ రెండో రూల్ చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మా ఫీల్డ్‌లో వెండర్, సబ్ వెండర్, వాడి కింద ఇంకో సబ్ వెండర్ అంటూ మనిషి ఎన్ని చేతులు మారతాడో అందరికీ తెలిసిందే.

లోన్‌కిచ్చారంటే పనికిరాడని అర్థం అనుకునేవాళ్లకు ఒక పేరు చెప్తా. లూకా మోడ్రిచ్. 2003లో డైనమో జాగ్రెబ్ క్లబ్బు అతణ్ని పక్క దేశం బోస్నియాలోని జ్రిన్‌స్కి మోస్టార్‌కు లోన్‌కిచ్చింది. తర్వాత క్రొయేషియాలోనే ఇంకో చిన్న క్లబ్బుకిచ్చింది. రెండు చోట్లా ఆడి, తిరిగొచ్చి, సొంత జట్టులో నిలబడ్డాడు. 2018లో ప్రపంచ అత్యుత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు.

ఆ డైనమో జాగ్రెబ్‌కూ మన తెలుగు నేలకూ ఒక చుట్టరికం ఉంది. పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా కిషన్ తండా అమ్మాయి. 2022లో ఆ పేరుతో ఉన్న మహిళల జట్టులో చేరడానికి క్రొయేషియా వెళ్లింది. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ కూడా అదే జట్టులో చేరింది. ఆ ఏడాది మన ఫుట్‌బాల్ పరిస్థితి ఎలా ఉండేదంటే, ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్ టోర్నీ కోసం తాష్కెంట్ దాకా వెళ్లి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా వెనక్కొచ్చింది. అంతకుముందు సీజన్‌లో సౌమ్య ఆడింది ఆ క్లబ్బుకే.

సౌమ్య వెళ్లింది లోన్ మీద కాదు, కాంట్రాక్టు మీద. లోన్ కాగితంలో ఉండే ‘గడువయ్యాక తిరిగి రా’ అనే మాట మామూలు కాంట్రాక్టులో ఉండదు. అయినా వచ్చింది. మళ్లీ గోకులంలో ఆడింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు మారింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫెడరేషన్ ఎంపిక చేసింది సౌమ్యనే. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది మన దేశం. ఆ క్వాలిఫయర్స్‌కు వెళ్లిన జట్టులోనూ సౌమ్య ఉంది.

ఈ కథనే మన ఊళ్లో రచ్చబండ దగ్గర చెప్పి చూడండి. ‘యూరప్ పోయి వచ్చేసిందంటనా? ఆడ కుదర్లేదేమో పాపం’ అంటారు. మనోళ్ల లెక్కలో వెళ్లడం గెలుపు, రావడం ఓటమి.

నాతో కర్నూలులో ఇంజినీరింగ్ చదివిన ఒకడు అమెరికాలో ఎమ్మెస్ చేసి, అక్కడే రెండేళ్లు ఉద్యోగం చేసి, నిరుడు కడపకు తిరిగొచ్చాడు. ఒక పెళ్లిలో కలిశాం. భోజనాల దగ్గర వాళ్ల మామ పలకరించాడు. ‘ఏమబ్బీ, వచ్చేసినావంట? ఆడ ఉద్యోగం పాయెనా?’ వీడు నెమ్మదిగా ‘లేదు మామా, పని నేర్చుకోని నేనే వచ్చినా’ అన్నాడు. మామ ‘ఊఁ, అదేలే’ అని పప్పు వడ్డించుకున్నాడు. ఆ ‘అదేలే’ ఉంది చూడండి, దానికి భయపడే మనవాళ్లు ఎంతోమంది ఇష్టం లేని చోట ఏళ్లకేళ్లు ఉండిపోతుంటారు.

నిజానికి కొన్నాళ్లకని వెళ్లడం మనకు కొత్తేం కాదు. ఆదోని, కోసిగి, పెద్దకడబూరు వైపు ఊళ్లకు ఊళ్లు ‘సుగ్గి’కి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు. ఇంట్లో ముసలోళ్లుంటారు, పిల్లల బడి మధ్యలో ఆగుతుంది. రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్న పల్లెలున్నాయి. అక్కడ కఫీల్ ఒప్పుకోకపోతే ఇంకో పనికి మారడం కష్టం. సుగ్గికి పోయినోళ్లు పని అయిపోగానే వస్తారు, వాళ్లను ఎవరూ ఎగతాళి చేయరు. కానీ ఆ కొన్ని నెలల్లో మనిషి ఏమైనా ఎదిగాడా అని అడిగే కాగితం వాళ్ల దగ్గర లేదు. కువైట్‌కు పోయినోళ్ల దగ్గర కాగితం ఉంటుంది, అందులో వాళ్ల మాటకు బలం ఉండదు.

లోన్‌లో ఈ రెండూ రాసుంటాయి. ఎన్నాళ్లు, ఎవరికి, జీతం ఎవరిస్తారు, తిరిగి ఎప్పుడు అన్నీ ముందే తేలిపోతాయి. పంపిన క్లబ్బు అక్కడ కుర్రాడు ఎన్ని నిమిషాలు ఆడాడో లెక్క చూసుకుంటుంది. ఎందుకంటే వాడు బాగుపడితే లాభం వాళ్లకే.

ఇక్కడే మన అసలు లోటు బయటపడుతుంది. లోన్‌కివ్వాలంటే ముందు ‘వీడు మావాడు’ అనే క్లబ్బు ఒకటి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఐఎస్‌ఎల్‌లో ఒక్క క్లబ్బూ లేదు. 2021-22లో కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. క్రికెట్‌కు మెట్లున్నాయి కాబట్టే కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి జిల్లా స్థాయి నుంచి ఆంధ్ర జట్టుకు, అక్కడినుంచి డబ్ల్యూపీఎల్‌కు ఎక్కి, 2025 నవంబరు 2న ప్రపంచకప్ అందుకున్న జట్టులో నిలిచింది. ఫుట్‌బాల్ విషయంలో మన పక్కనే అనంతపురంలో ఆర్డీటీ వాళ్లు స్పెయిన్ లా లిగాతో కలిసి పిల్లలకు నేర్పిస్తున్నారు. మొదటి మెట్టు ఉంది. పదిహేనేళ్ల పిల్ల అక్కడ బాగా ఆడితే తర్వాత ఏ చొక్కా వేసుకోవాలన్నదానికి మాత్రం సీమలో జవాబు లేదు.

అది తేలేదాకా మన వరకు మనం చేయగలిగింది ఒకటుంది. ఆన్‌సైటో, ఎమ్మెస్సో, గల్ఫో, వేరే రాష్ట్రం అకాడమీయో, వెళ్లే ముందు మూడు అడగండి. అక్కడ నాకు నిజంగా ఆడే అవకాశం ఉందా, లేక బెంచీయేనా? ఎప్పటిదాకా? తిరిగొస్తే నా కోసం ఇక్కడ ఏముంటుంది? మూడోదానికి జవాబు లేకపోతే వెళ్లొద్దని అనడం లేదు. అది లేదన్న సంగతి తెలిసి వెళ్లమంటున్నా.

ఇక తిరిగొచ్చినవాళ్లు ఎదురైతే ‘ఎందుకొచ్చినావ్’ అనే ప్రశ్న పక్కన పెడదాం. ‘ఆడ ఏం నేర్చుకుంటివి, నాకూ చెప్పు’ అని కూర్చోబెట్టుకుందాం. ఆ పెళ్లిలో మా వాడికి అలా అడిగే మనిషి ఒక్కరు దొరికినా, వాడు భోజనం సగంలో లేచేవాడు కాదు.