తెలియకపోవడానికీ హక్కుండాలి

ఎలిఫ్ బాటుమాన్ నవల 'ది ఇడియట్' 2017లో వచ్చింది. పేరు దోస్తోయెవ్‌స్కీ దగ్గర తీసుకున్నదే. అమెరికాలో స్థిరపడ్డ టర్కీ దంపతుల కూతురు సెలిన్ 1995లో హార్వర్డ్‌లో చేరుతుంది. భాషాశాస్త్రం, రష్యన్ క్లాసులు, స్వెత్లానా అనే సెర్బియన్ స్నేహితురాలు, అప్పుడే కొత్తగా చేతికొచ్చిన ఈ-మెయిల్‌లో ఇవాన్ అనే హంగేరియన్ గణిత విద్యార్థికి రాసే ఉత్తరాలు. వేసవిలో ఇంగ్లీషు చెప్పడానికి హంగరీ పల్లెకు వెళ్తుంది. అంతే. ఆఖరికి తానేమీ నేర్చుకోలేదనే అనుకుంటుంది.

"ఇందులో స్త్రీ సమస్య ఏముంది?" అంది మా బృందంలో ఒక మిత్రురాలు. ఏమీ జరగకపోవడమే నాకు ముఖ్యమనిపించింది. ఒక ఆడపిల్ల ఏడాదిపాటు అయోమయంగా తిరిగినా ఎవరూ చదువు మాన్పించరు, సంబంధాలు చూడరు.

నేను యూనివర్సిటీలో చేరేనాటికి మా ఇంట్లో పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. ఫస్టు క్లాసు తప్పకూడదు, మంచి సంబంధం వస్తే నోరెత్తకూడదు అన్న షరతుల మీద నాన్న పంపాడు. మా హాస్టలు గేటు ఆరున్నరకి మూసేవారు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచే ఉండేది, మాకు కాదు. (అబ్బాయిల హాస్టలుకి గేటున్నట్టే నాకు గుర్తులేదు.) తెలుగు సాహిత్యం చదవాలని ఉండీ, బ్యాంకు ఉద్యోగం వస్తుందని ఎకనామిక్స్‌లో చేర్చారు. నాకేం కావాలో నాకే తెలియట్లేదని పైకి అంటే వెంటనే ఇంటికి వచ్చెయ్యమనేవారు. అందుకని అన్నీ తెలిసినట్టే నటించాను. ఆ నటన వదలడానికి పదేళ్లు పట్టింది.

సెలిన్‌తో నాకు పేచీ లేకపోలేదు. డబ్బు గురించి ఆమెకి నాకున్నంత బెంగ లేదు. ఇవాన్ కోసం అంతగా కొట్టుకుపోవడం విసుగు తెప్పిస్తుంది కూడా. 2022లో వచ్చిన తరువాతి నవల 'ఐదర్/ఆర్'లో ఆ వ్యామోహాన్ని ఆమే తిరిగి తరచి చూసుకుంటుంది.

ఆడపిల్లల చదువు అనగానే మనం చేరినవాళ్లెందరు, మానేసినవాళ్లెందరు అని లెక్కలు వేస్తాం. లెక్కలు కావాలి, కాదనను. చేరిన పిల్లకి సాయంత్రాలు ఎవరివి? 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో హాస్టలు ఆంక్షల మీద కదిలినప్పుడు, రాత్రిపూట బయట ఏం పని అని నాకు తెలిసిన కార్యకర్తలే అడిగారు. పని ఉంటేనే బయటికి రావాలా?

మా సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులో 'నీ జీవిత లక్ష్యం ఏమిటి?' అని ఒక గడి ఉంది. పిల్లలందరూ డాక్టరనో కలెక్టరనో రాస్తారు. ఆ గడి తీసేద్దామని మొన్నటి సమావేశంలో ప్రతిపాదించాను. దాతలు ఒప్పుకోరన్నారు. చర్చ ఇంకా నడుస్తోంది.