జనగణనము – మతరహితులు

జనసంఖ్య నెన్నునపుడు ప్రజలు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసికొనుట ప్రభుత్వధర్మము. మతవిషయమున నీ ధర్మము మన దేశమునఁ జక్కఁగా నడచుట లేదు.

ఇంగ్లండు, వేల్సులను జూడుఁడు. అచ్చటి జనగణనపత్రమున మతప్రశ్న 2001లోఁ జేర్పఁబడెను. ప్రత్యుత్తర మిచ్చుటయు మానుటయుఁ బౌరుని యిచ్ఛ. "మతము లేదు" అను గడియుఁ బత్రముననే కలదు. అట్లు చెప్పినవారు 2001లో నూటికి 14.8; 2011లో 25.2, 2021లో 37.2. క్రైస్తవులమన్నవారు 71.7 నుండి 46.2కుఁ దగ్గిరి. అయినను ఆంగ్లచర్చి నేఁటికిని రాజమతముగనే యున్నది.

మన 2011 జనగణనమున ఆఱు మతములకు సంకేతాంకము లుండెను. తక్కినవారి మతనామము వ్రాయవలసియుండెను. మతము లేనివారికిఁ బ్రత్యేకాంకము లేదు. ప్రధానపట్టికలో "మతము తెలుపనివారు" 28.67 లక్షలు, నూటికి 0.24. వీరిలో మతమును విడిచినవారెందఱు? చెప్ప నిష్టపడనివారెందఱు? ఆ శీర్షికను జూచి చెప్పుట యసాధ్యము.

మతము లేనివాఁడును హిందువే కదా, వేఱు లెక్క యేల యని కొందఱందురు. 1956 హిందూవారసత్వ చట్టము ముస్లిము, క్రైస్తవ, పారసీ, యూదులు కానివారిని సామాన్యముగాఁ దన పరిధిలోనికిఁ దెచ్చుట నిజమే. కాని యది యాస్తిపంపకమునకై గీచిన గీఁత; మనుష్యుని విశ్వాసమునకుఁ గొలఁబద్ద కాదు.

1872 నాఁటి వివాహచట్టము క్రిందఁ బెండ్లియాడఁగోరినవారు తాము హిందూ, క్రైస్తవాది మతముల నవలంబింపమని వాఙ్మూల మీయవలసియుండెను. 1954 చట్టము ఆ నిర్బంధమును దొలఁగించెను. మతము లేదని బలవంతముగాఁ బలికించుట యన్యాయమైనచో, లేదని స్వేచ్ఛగాఁ బలికినవానిని మౌనులలోఁ గలిపి మఱుఁగుపఱచుటయు నన్యాయమే.

తెలుఁగువారి కీ ప్రశ్న క్రొత్తది కాదు. గోరా దంపతులు 1940లోఁ గృష్ణామండలమందలి ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి, 1947లో విజయవాడకు మార్చిరి. కాని మతరహితులందఱును నాస్తికులు కారు. దేవుని నమ్మియు నే మతమునకుఁ గట్టుపడనివారును గలరు. కావున నీ లెక్క యొక పక్షమువారి కోరిక గాదు.

2027 సంవత్సరమునకు నిర్ణయింపఁబడిన జనగణనమున "మతము లేదు" అను నంక మొకటి చేర్చినఁ జాలును. దీనికిఁ గ్రొత్త వ్యయము లేదు. ఏ మతమువారి హక్కునకును భంగము లేదు. ఆస్తికులైన పెద్దలే యీ కోరికను బలపఱచుట మిక్కిలి యుచితము. తన మతమును దాఁపక చెప్పుకొను స్వేచ్ఛ యెంత విలువైనదో వారికే బాగుగఁ దెలియును.