ఇంగ్లీషుకు ముందు చెవి తెరవాలె

మన మిల్లోళ్ల ఇండ్లల్లో ఇంగ్లీషు లేదని ఎవరన్నరు? బాబిన్, షటిల్, స్పిండిల్, కార్డింగ్, సెకండ్ షిఫ్ట్... నాలుగో తరగతితో బడి ఆపేసిన నా నోట్లో గూడ ఇవి తెలుగు మాటల లెక్కనే తిరుగుతయి. పుస్తకం చదివి నేర్వలేదు, చెవితోటి నేర్చినం.

మున్సిపాలిటీ తెలుగు బడిలోనో, మరాఠీ బడిలోనో చదివిన మన పిల్లలది వేరే కష్టం. ఇంగ్లీషు చదువుతరు, రాస్తరు. అవతలి మనిషి గబగబ రెండు ముక్కలు మాట్లాడితే మాత్రం బిక్కమొహం పెడ్తరు. మా చాల్‌లో ఒక బిడ్డ బీకాం పాసయింది. ఇంటర్వ్యూ కోసం జవాబులన్నీ బట్టీ పట్టింది. అడిగినాయన అదే ప్రశ్న వేరే తీరుగ అడిగిండు. బిడ్డకు అందలేదు, నౌకరీ పోయింది. తెలివి తక్కువై కాదు, చెవికి అలవాటు లేక.

సాంచా ఖాతాలో పనిచేసినోళ్లకు ఈ విద్య కొత్త కాదు. ఆ మోతలో పక్క మనిషి మాట పూర్తిగ వినపడదు. పెదవులు చూసి, చెయ్యి చూసి, అందిన ఒకటి రెండు మాటలతోటి సంగతి తెలుసుకునేటోళ్లం. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల ఆడోళ్లు గూడ ఇట్లనే పెదవులు చూసి మాట్లాడుకునేవారట. ఇంగ్లీషు వినుడు గూడ అంతే. ప్రతి మాట పట్టాలని ఒక్కదాని దగ్గర ఆగితే, వెనక నాలుగు మాటలు దాటిపోతయి. సంగతి ఏంది, అంకె ఎంత, ఔనా కాదా? ఈ మూడు పట్టుండ్రి చాలు.

పైసా ఖర్చు లేని బడి మన లోకల్ రైలే. వచ్చే స్టేషన్ పేరు మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో చెప్తరు. రెండు భాషల్లో అర్థమైన మాటే మూడోదాంట్ల గూడ ఉంటది. చెవి పెట్టుండ్రి.

అంకెల కాడ జాగ్రత్త. ఫిఫ్టీన్ అంటే 15, ఆఖరు సాగుతది. ఫిఫ్టీ అంటే 50, ఆఖరు పొట్టిగ ఉంటది. అనుమానమొస్తే "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా?" అని అడగాలె. డాక్టర్ "యూ క్యాన్" అంటే చెయ్యొచ్చు, "యూ కాంట్" అంటే చెయ్యొద్దు. "బిఫోర్ ఫుడ్" అంటే తినకముందు, "ఆఫ్టర్ ఫుడ్" అంటే తిన్నంక. మందుల కాడ ఈ తేడా చిన్నది కాదు.

ఫోనున్న పిల్లలు బీబీసీ వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' పెట్టుకోవచ్చు. పేరుకు తగ్గట్టే ఆరు నిమిషాల ముచ్చట, ఇద్దరు మాట్లాడుకుంటరు. మొదటిసారి ఊరికె వినుండ్రి. రెండోసారి అందిన మాటలు రాసుకోండి. మూడోసారి వాళ్లిచ్చిన రాత ముందర పెట్టుకొని వింటే, ఏ మాట జారిపోయిందో తెలుస్తది. రోజుకొక గంట కూసునే పని లేదు, రోజూ వినాలె, అంతే.

అందకపోతే "ప్లీజ్ సే ఇట్ అగైన్" అనుండ్రి. మళ్లీ అడిగితే పరువు పోదు. అర్థంకాకున్నా తల ఊపితేనే నష్టం.

ఈ నెల పని: ఇంట్ల ఇద్దరు కూసోండి. ఒకరు డాక్టర్, ఒకరు రోగి. అయిదు మాటలు ఇంగ్లీషులో చెప్పాలె, విన్నోళ్లు తెలుగులో తిరిగి చెప్పాలె. అమ్మమ్మ, తాతలను గూడ ఆటలో కలుపుకోండి. వాళ్ల చెవులు మిల్లు మోతలోనే మాట పట్టిన చెవులు.