ఎండలో మొరాయించే కారు

మైదుకూరు ఎండల గురించి మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం రెండు గంటలకు ప్రొద్దుటూరు రోడ్డు మీద పాత కారు ఉన్నట్టుండి ఆగిపోతే, లోపల చంటిపిల్లో అత్తగారో ఉంటే, ఇక చూడండి అవస్థ! అరగంట ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. సాయంత్రం షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ "బాగానే ఉంది గదమ్మా" అంటాడు. పాపం, ఆయనేం చేస్తాడు? చల్లబడ్డాక ఆ జబ్బు కనబడదు. కారు ఆగిన ఆ పది నిమిషాల్లో మీరేం గమనించారో అదే ఆయనకు ఆధారం.

నేను చెప్పేది ఇంజెక్షన్ బండ్ల సంగతి. 1998లో వచ్చిన శాంత్రో, చివరి ఏళ్లలోని మారుతి 800 లాంటివి. (మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది గానీ మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి లెండి.) కార్బురేటర్ బండ్లలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డం పడేది, తడిగుడ్డ వేసేవాళ్లు. వీటిలో పంపు టాంకులోనే ఉండి పెట్రోలును గట్టిగా తోస్తుంది కాబట్టి ఆ బాధ అరుదు.

బండి ఆగుతోందనగానే ఎడమ పక్కకు తీయండి. ఇంజను ఆగాక బ్రేకు ఒకటి రెండుసార్లు నొక్కేసరికి బిగుసుకుపోతుంది, అందుకే ఊరికే నొక్కి వదలకుండా ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టుకోండి. అందరినీ దింపి చెట్టు నీడకు పంపండి.

ఇప్పుడు వేడి ముల్లు చూడండి. ఎర్రగీత దగ్గరుంటే ఫ్యానో, నీళ్లో చూడాల్సిన పని. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, కుక్కర్ మూతలాంటిదే అది!

ముల్లు మామూలుగానే ఉందా? తాళం సగం తిప్పి, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు క్షణాలు 'జుయ్' మనాలి. వినబడకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు, వీటిలో ఒకటి. పంపును చల్లబరిచేది పెట్రోలే. నూటికి నూరు రూపాయలు కొట్టించుకుంటూ అడుగున కాస్త పెట్రోలుతో తిరిగితే ఎండాకాలం పంపుకు వేడెక్కక తప్పదు. సగం టాంకైనా ఉంచండి.

జుయ్ మంటుంది, ఇంజను తిరుగుతుంది, అంటుకోదు. అప్పుడు అనుమానం క్రాంక్ సెన్సారు మీద. లోపల వెంట్రుకంత తీగ చుట్టి ఉంటుంది. వేడికి అది ఎక్కడో విడిపోయి, చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో కంప్యూటరుకు చెప్పేది అదే, అది మూగబోతే నిప్పురవ్వ ఉండదు. ఇగ్నిషన్ కాయిలు కూడా ఇలాగే చేస్తుంది.

అలాకాక, నాలుగు రోడ్ల దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడే ఆగి, వెంటనే స్టార్టయితే, గాలి దారిలో మసి పేరుకుని ఉంటుంది. శుభ్రం చేయిస్తే చాలు.

ఇవన్నీ చీటీ రాసి మెకానిక్ చేతికివ్వండి: ఎన్ని కిలోమీటర్లు పోయాక ఆగింది, ముల్లెక్కడుంది, శబ్దం వచ్చిందా, ఎంతసేపటికి స్టార్టయింది. "పంపు మార్చేద్దాం అక్కా" అని తొందరపెడితే, "ముందు గేజీ పెట్టి ఒత్తిడి చూడన్నా, సెన్సారుకు వేడిగాలి కొట్టి చూడు" అనండి. వీలైతే బండిని మధ్యాహ్నమే, వేడి మీదుండగానే తీసుకుపోండి.